బావకు వేడినీళ్ళు

పోయిన నెల ఎమ్మిగనూరులో మా చిన్నవాడు ఇంటికి కొత్త స్నానాలగది కట్టించాడు. ఒకప్పుడు వాళ్ళ నాయన కాళ్ళు పెట్టుకుని నేసిన మగ్గం గుంత ఉండిన చోటు అది. గుంత పూడ్చి, పైన బండలు పరిచి, గోడలకు తెల్లగా మెరిసే పలకలు అతికించి, గీజరు బిగించి, మిద్దెమీది ట్యాంకు కింద చిన్న పంపు కూడా ఒకటి పెట్టించాడు. కొళాయి తిప్పితే ఆ పంపు దానంతట అదే గుర్రుమంటుంది, కట్టేస్తే ఊరుకుంటుంది. ప్లంబరు సంచి సర్దుకుంటుండగా మావాడు "తిప్పి సూడుమా" అన్నాడు. తిప్పాను. వేడినీళ్ళు వచ్చి నా అరచేతిమీద కొట్టిన కొట్టుడుకు నేను ఒకడుగు వెనక్కి వేశాను, కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిశాయి. "ఇంత దురుసు నాకేంటికప్పా" అంటే వాడు నవ్వి, "రాకపోతే రాలేదంటావు, వస్తే దురుసంటావు" అన్నాడు. నిజమే. కానీ నేను వెనక్కి వేసిన అడుగు నీళ్ళకు జడిసి కాదు. ఆ పంపు గుర్రుమన్న చప్పుడు వినగానే ఆదోనిలో మా అక్క ఇల్లు, ఆ ఇంట్లో మేము బచ్చలి అనే స్నానాల చోటు, బచ్చలిలో ప్లాస్టిక్ కుర్చీమీద ఒక పక్కకు ఒరిగి కూర్చున్న మా బావ కళ్ళముందుకు వచ్చారు.

ఆదోనిలో మా అక్కవాళ్ళు ఉండేది కొండవైపు ఎక్కే వీధిలో. కిందినుంచి చూస్తే ఇళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి పెట్టినట్టుంటాయి. ఆటోవాళ్ళు సగం దూరం వచ్చి "ఇంక ఎక్కదు, దిగండి" అంటారు. ఆటోలు ఎక్కని చోటికి నీళ్ళు మాత్రం ఎక్కుతాయా? రోజు విడిచి రోజు తెల్లవారుతుండగా కొళాయిలో నీళ్ళు వదిలేవారు. కింది వీధుల్లో ఇంటింటా మోటార్లు, అవి తాగినన్ని తాగి, మిగిలినవి నీరసంగా పైకి వచ్చేవి. గోడకు నడుమెత్తున కొళాయి పెడితే చుక్క రాదు. అందుకని ఆ వీధిలో ప్రతి ఇంటిముందూ ఒక గుంత తవ్వి, గుంత అడుగున కొళాయి పెట్టుకునేవారు. బిందె తీసుకుని గుంతలోకి దిగాలి, నిండిన బిందెను గట్టుమీద పెట్టి మళ్ళీ మనం ఎక్కాలి. మా అక్క లావుపాటి మనిషి. ఆమె గుంతలోకి దిగుతుంటే చూసి, ఈమెను ఎవరు పైకి తీస్తారా అని నాకు ప్రతిసారీ బెంగగా ఉండేది. ఆమె మాత్రం మూలుగుతూనే ఎక్కివచ్చేది, ఎక్కి వచ్చి మున్సిపాలిటీని నాలుగు మాటలు అనేది.

బావ పత్తి యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. తూకం ఎంతో అరిచి చెప్పే పని. రైతులు, కమీషన్ మండీలవాళ్ళు, హమాలీలు అందరూ ఒకేసారి మాట్లాడే చోట తన గొంతు ఒక్కటే వినిపించాలి గనుక ఆ గొంతును ఆయన అలా పెంచుకున్నాడు. ఇంటికి వచ్చినా దాన్ని తగ్గించుకునే పద్ధతి తెలియదు. ఉప్పు తక్కువైందని చెబితే నాలుగిళ్ళ అవతలివాళ్ళు తమ కూర రుచి చూసుకునేవారు. యార్డునుంచి వచ్చేసరికి కనుబొమలు, మీసాలు, చెవిరంధ్రాలు అన్నీ పత్తి నుసితో తెల్లగా అయ్యేవి. వాకిట్లోనే చొక్కా దులిపి, "నీళ్ళు కాగినాయామే?" అని అరిచేవాడు. బచ్చలి బయట నీళ్ళపొయ్యిమీద రాగి అండా ఎప్పుడూ ఉడుకుతూ ఉండేది. ఎండాకాలంలోనూ అంతే. ఆదోని ఎండల్లో వేడినీళ్ళేమిటి బావా అంటే, "నుసి సన్నీళ్ళకు పోదమ్మే, అంటుకుంటాది" అనేవాడు. చెంబు తర్వాత చెంబు దిమ్మరించుకుంటూ, లోపలినుంచే ఆనాటి యార్డు సంగతులన్నీ మాకు వినిపించేవాడు. స్నానం చేసి వచ్చేసరికి ఎర్రగా, కొత్తగా ఉండేవాడు. ఆయన రోజులో సుఖపడే సమయం అదొక్కటే అనుకుంటాను.

ఆయన పనిమాని ఇంటిపట్టున ఉన్న రోజుల్లోనే ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుంటూ వాకిట్లో పడిపోయాడు. కుడివైపు పడిపోయింది, నోరు వంకరపోయింది. అక్క అరుపులకు ముందు పరుగెత్తి వచ్చింది పక్కింటామె. జిన్నింగు మిల్లులో కూలికి పోయే మనిషి, బక్కపలచగా ఉంటుంది. ఆమె, ఆమె మొగుడు కలిసి బావను మంచం మీద పెట్టి, ఆటో ఎక్కని ఆ వాలులో కిందిదాకా మోసుకొచ్చారు. ఆరోజు ఆదివారం. చర్చికి పోవడానికి కట్టుకున్న తెల్లచీరతోనే కర్నూలు ఆసుపత్రిదాకా వచ్చి, సాయంత్రందాకా అక్కను పట్టుకుని కూర్చుందట. ఎమ్మిగనూరునుంచి నేను పోయేసరికి ఆ చీరంతా మరకలు, కొంగుకు ఇంకా పళ్ళపొడి అంటి ఉంది.

ప్రాణం దక్కింది. ఇంటికి తెచ్చుకున్నాం. నేను అక్కకు తోడుగా ఆదోనిలో కొన్నాళ్ళు ఉండిపోయాను. మా ఆయన పోయి అప్పటికి కొంతకాలమైంది, పిల్లలు వాళ్ళ పనుల్లో వాళ్ళున్నారు, నన్ను కట్టిపడేసేది ఏమీ లేదు. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒకటే మాట గట్టిగా చెప్పింది: రోజూ భుజంనుంచి చేయిదాకా వేడినీళ్ళు ధారగా పడాలి, కండ మెత్తబడ్డాక చేయి కదిలించాలి, వదిలేస్తే బిగుసుకుపోతుంది. ఇంకొకటి కూడా చెప్పింది. ఆ పక్క ఆయనకు వేడి తెలియదు గనుక కాలినా కాలిందని చెప్పలేడు, మీరే చూసి పోయాలి. చెప్పడానికి ఆయనకు మాటా లేదు. అంత గొంతూ పోయి "ఊ", "ఆ" అనే రెండు మూలుగులు మిగిలాయి. వాటిలో ఏది అవునో ఏది కాదో మాకు తెలిసేది కాదు. అక్క మోచేయి ముంచి వేడి చూసేది, ఆయన మొహం చూసేది, పోసేది. అండాలోంచి ముంచి, గడప దాటి మోసుకొచ్చి పోయడం. ఒకనాడు ఆ గడప దగ్గరే కాలు జారి వేడినీళ్ళు పాదంమీద పడ్డాయి. పాదం బొబ్బలెక్కింది. ఆ సంగతి ఫోనులో విన్న అక్క అల్లుడు కోడుమూరునుంచి వచ్చి, "ఇంక పొయ్యిలు, అండాలు వద్దత్తా. గీజరు పెడతా" అన్నాడు.

మంచివాడు అల్లుడు. చెప్పిన వారంలోనే గీజరు తెచ్చాడు, మిద్దెమీదికి నల్లట్యాంకు ఎక్కించాడు, కొళాయి గుంతలోంచి ట్యాంకుదాకా పైపు లాగించాడు. నీళ్ళొచ్చే రోజు మేమంతా వాకిట్లో నిలబడి మిద్దెవైపు చూస్తున్నాం. నీళ్ళు పైపులో మోకాలెత్తు ఎక్కి ఆగిపోయాయి. గుంతలోకి దిగితే తప్ప దొరకని నీళ్ళు మిద్దె ఎక్కుతాయని ఎట్లా అనుకున్నామో తెలియదు. అక్క పైపుకు చెవి ఆనించి, "అలిసిపోయి కూసున్నట్టుండాయి అల్లుడూ" అంది. రెండురోజులు మేమిద్దరం మెట్లెక్కి బిందెలతో ట్యాంకులో పోశాం. అప్పుడు గీజరు తిప్పితే వేడినీళ్ళు దారంలాగా వచ్చాయి. బకెట్టు నిండేలోపల ముందు పడినవి చల్లారిపోయేవి. గీజరులోని వేడినీళ్ళు వాటంతట అవి బయటికి రావట, వెనకనుంచి చన్నీళ్ళు వచ్చి తోస్తేనే వస్తాయట. మాకు తోసే నీళ్ళేవి?

అప్పుడు అల్లుడు మోటారు తెచ్చాడు. కొళాయి పైపుకే నేరుగా బిగించాడు. అలా బిగించకూడదని ఆయనకూ తెలుసు, అక్కకూ తెలుసు. "ఊర్లో ఎవరు పెట్టుకోల్యా? కింద వీధిలో ఇంటింటికీ ఉండాది" అన్నాడు. అది అబద్ధం కాదు. మోటారు తిప్పగానే పైపు వణికింది, మిద్దెమీద ట్యాంకులో నీళ్ళు దబదబా పడ్డాయి. అది ఆడుతున్నంతసేపూ ఆ ఊపు గీజరుకు కూడా అందేది. బచ్చలిలో వేడినీళ్ళు వేలెడు లావున, తెగకుండా పడ్డాయి. గొట్టం పట్టుకుని అక్క బావ భుజంమీద ధార పట్టింది. బావ కళ్ళు మూసుకున్నాడు. ఆసుపత్రినుంచి వచ్చాక ఆ మొహంలో బిగువు సడలడం నేను మొదటిసారి చూశాను. అక్క పైటతో కళ్ళు తుడుచుకుని, "సూడుమే, ఎట్ల పోయించుకుంటాండాడో" అంది. స్నానమయ్యాక చేయి ఎత్తితే రోజూ ఆగే చోటుకన్నా కాస్త పైకి లేచింది. ఆ రోజు మేము పాయసం చేసుకున్నాం. అల్లుడు ఊరికి పోతూ మోటారుమీద ఒక గోనెసంచి కప్పి, "ఎండకు పాడైతాది" అన్నాడు. ఎండకోసం కాదని ముగ్గురికీ తెలుసు.

పక్కింటామె కూతురు అప్పుడు పురిటికి వచ్చి ఉంది. బిడ్డ పుట్టి ఎన్నాళ్ళో కాలేదు. బాలింత నీళ్ళంటే తెలిసిందే కదా, తల్లికి బిడ్డకు అండాలకు అండాలు కావాలి, గుడ్డలు ఉతకాలి. ఒకనాటి ఉదయం ఆమె మా గోడ దగ్గరికి వచ్చి, "అక్కా, మీకు వచ్చినాయా నీళ్ళు? మాకు కొళాయి వుస్సు వుస్సు అంటాది గానీ చుక్క రాల్యా" అంది. అక్క ముగ్గు పెడుతూ తల ఎత్తకుండా, "ఏమోమ్మా, మాకూ సన్నంగానే వచ్చినాయి" అంది. ఆమె బిందె నడుముకెత్తుకుని వాలు దిగి, కింద బోరింగు దగ్గరికి పోయింది. నేను అక్కవైపు చూశాను. అక్క ముగ్గు చెరిపి మళ్ళీ వేసింది. "నన్నేం సేయమంటావే? ఆయన సెయ్యి లేస్తాండాది. ఇప్పుడు ఆపమంటావా?" అంది. ఆపమని నేనూ అనలేకపోయాను. చేయి లేవడం నేనూ చూశాను కదా.

మేము మరిచిపోయినది ఒకటే. ఆ ఇళ్ళ మధ్య గోడ పలచన, బచ్చలి కిటికీ పక్కింటివాళ్ళ కొళాయి గుంతమీదికే ఉంటుంది. బావకు మాట పోయింది గానీ చెవులు పోలేదు. ఆ తర్వాత నీళ్ళొచ్చిన రోజు మోటారు వేసి, బావను కుర్చీలో కూర్చోబెట్టి అక్క ధార పట్టబోతుంటే అవతలనుంచి కొళాయి గాలి పీల్చుకునే చప్పుడు వినిపించింది. పసిబిడ్డ ఏడుపు. దాని వెనకే పక్కింటామె గొంతు: "ఈపొద్దు గూడ రాల్యా తల్లీ. బిడ్డను పండేయి. నేను కిందికి పోయి తెస్తా." బావ కళ్ళు తెరిచాడు. మోటారు చప్పుడు వచ్చే వైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. తర్వాత ఎడమచేత్తో గొట్టాన్ని పక్కకు తోసేశాడు. అక్క వేడి ఎక్కువైందనుకుని చన్నీళ్ళు కలిపింది. మళ్ళీ తోశాడు. తల తుడవనివ్వలేదు. ఆరోజు ఇడ్లీ తినలేదు. అక్క అన్ని దేవుళ్ళనూ తలుచుకుని, దిష్టి తీసి, చివరికి నామీద విసుక్కుంది. మళ్ళీ నీళ్ళొచ్చిన రోజు అసలు కుర్చీలోనే కూర్చోలేదు, మంచంమీద గోడకు మొహం తిప్పుకుని పడుకున్నాడు. బిగుసుకుపోతుంది బావా, అని నేను బతిమాలాను. గోడవైపునుంచి "ఊ" అన్నాడు. ఈసారి అది కాదు అనే అని నాకు తెలిసింది.

అలా ఆయన స్నానం మానుకున్నా మోటారు మాత్రం ఆడుతూనే ఉంది, ట్యాంకు నిండాలి కదా అని. ఆ వారంలోనే ఒకనాడు నేను వంటింట్లో ఉన్నాను, అక్క మిద్దెమీద ట్యాంకు చూస్తోంది, వాకిట్లో మోటారు ఆడుతోంది. ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడు వినబడి బయటికి వచ్చాను. బావ. అప్పటిదాకా ఇద్దరం చెరో పక్క పట్టుకుంటే తప్ప నిలబడని మనిషి గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ నడవలోంచి వాకిట్లోకి పోతున్నాడు. పిలిస్తే ఎక్కడ ఉలికిపడి పడిపోతాడో అని నోరు నొక్కుకుని వెంట నడిచాను. మోటారు దగ్గరికి పోయి, ఎడమచేత్తో తడిసిన గోనెసంచి లాగి పారేశాడు. ప్లగ్గు తీగె పట్టుకుని గుంజాడు. మిద్దెమీదనుంచి అక్క "అయ్యో, తడి సెయ్యి! తడి సెయ్యి!" అని కేక పెట్టింది. మోటారు ఆగింది. ఆగిన మరుక్షణం పక్కింటి గుంతలో కొళాయి దగ్గి, తుమ్మి, బిందెలోకి నీళ్ళు కక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు మాకందరికీ వినిపించింది. పక్కింటామెకు కూడా.

ఆమె గుంతలోంచి ఎక్కి వచ్చి గోడమీదుగా తొంగిచూసింది. కింద పడిన గోనెసంచి, మోటారు, తీగె పట్టుకుని వణుకుతూ నిలబడిన బావ. ఆమె మొహంలో కోపంకన్నా ముందు ఇంకేదో వచ్చి పోయింది. "సంచి కప్పి పెట్టుకున్యారా అక్కా?" అంది. అక్క అప్పటికి మెట్లు దిగి వచ్చి నిలబడింది. "అన్న కోసరమని ఒక్కమాట సెప్పింటే నేనే పట్టి పోసింటా గదా. అన్నను మోసినదాన్ని బిందెడు నీళ్ళు మోయల్యానా? నా బిడ్డ పచ్చిబాలింత అని మీకు తెలీదా?" ఇంతే అంది. గట్టిగా కూడా అనలేదు. బావ నోరు తెరిచాడు, మూశాడు, గొంతులో ఏదో గింజుకుంది. "ఆయమ్మకు..." అన్నాడు. ఎంతసేపటికో, "నీళ్ళు" అన్నాడు. పడిపోయిన తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాటలు అవి. అక్క అక్కడే బండమీద కూలబడి ఏడ్చింది. ఏ మాటకు ఏడ్చిందో నేను అడగలేదు. పక్కింటామె కొంగుతో కళ్ళొత్తుకుని, పొంగి పారుతున్న బిందె దగ్గరికి పోయింది.

అంతటితో సర్దుకుందని అనుకుంటే పొరపాటు. ఆమె మాతో మాట్లాడటం మానేసింది. తగాదా లేదు, ఎదురుపడితే తలవంచుకుని పోయేది, అంతే. కూరాకు ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోయింది. అక్క ఒకనాడు బిడ్డకని గౌను కొనుక్కుని పోతే, "ఉండనీక్కా, మాకుండాయి" అని మర్యాదగా తిప్పి పంపింది. ఆ మర్యాద అక్కను తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది. గౌను తెచ్చి బీరువాలో పెట్టింది. మేము మళ్ళీ అండా పొయ్యికెక్కించాం. కాలిన పాదంతో అక్క కుంటుతూ, నేను చెంబులు మోస్తూ, బావకు నీళ్ళు పోసేవాళ్ళం. అవి మాత్రం ఆయన పోయించుకున్నాడు.

అల్లుడికి ఫోను చేసి జరిగింది చెప్పాను. ఆయనకు కష్టమేసింది. "నేను మామ కోసరమే గదా సేసింది చిన్నత్తా" అన్నాడు. నీదేం తప్పులేదప్పా, కానీ నీ మామ ఆ నీళ్ళు పోయించుకోడు, దారి ఇంకేదైనా చూడు అన్నాను. రెండురోజులు అలిగి, మూడోనాడు ప్లంబరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ప్లంబరు పెద్దవయసు మనిషి, తీరిగ్గా వక్కాకు నములుతూ ఇల్లంతా తిరిగాడు. కొళాయిని లాగొద్దు, అది ఎంత సన్నంగా వచ్చినా తానే పడేట్టు భూమిలో సంపు కట్టండి అన్నాడు. సంపులోంచి మోటారు పెట్టి ట్యాంకుకు ఎక్కిస్తే ఎవరి వాటా ఎవరికీ తగ్గదు. అల్లుడు వెంటనే, మరి గీజరు సంగతేమిటని అడిగాడు. ట్యాంకు ఎత్తుగా ఇనుప స్టాండుమీద పెట్టాలి, అప్పుడు నీళ్ళకు తోపు వస్తుంది అన్నాడు ప్లంబరు. మిద్దె ఎక్కి, కాలితో తట్టి చూసి దిగి వచ్చి, ఆ మాట తనే వెనక్కి తీసుకున్నాడు. అది పాత బండల మిద్దె. ఎత్తు స్టాండు, దానిమీద నిండు ట్యాంకు అంటే దూలాలు మోయవు. దానికి బదులు ట్యాంకు కింద చిన్న పంపు పెట్టమన్నాడు. చన్నీళ్ళకూ గీజరుకూ రెంటికీ ఒకే ఊపు అందేట్టు, రెండు పైపులూ చీలేదానికి ముందే పెట్టాలన్నాడు. ఒకదానికే పెడితే చన్నీళ్ళు వేడినీళ్ళను వెనక్కి తోస్తాయట. అల్లుడు ప్రశ్నమీద ప్రశ్న వేశాడు, ఆయన వక్కాకు ఉమ్మి ఉమ్మి జవాబు చెప్పాడు. చివరికి ఇద్దరూ స్నేహితులైపోయి టీ తాగడానికి వాలు దిగిపోయారు.

సంపు తవ్వడానికి వాకిట్లో ముగ్గు పోశారు. కొండమీది నేల. కూలివాళ్ళు గడ్డపార వేయబోతుంటే గోడ అవతలినుంచి పక్కింటామె గొంతు వినిపించింది. "అల్లుడూ, ఆ మూల వద్దు. ఆడ పెద్ద రాతిగుండు ఉండాది. మేము తవ్వినప్పుడు ఈతట్టు తగిలింది, అది మీ ఇంటికిందికే పోయింది." కూలివాళ్ళు ఆగి అల్లుడివైపు చూశారు. అక్క గబగబా వాకిట్లోకి వచ్చి, "యాడ తవ్వమంటావు మరి? నువ్వే వచ్చి సూపీరాదా" అంది. ఆమె గేటు తీసుకుని వచ్చి, కాలి బొటనవేలితో నేలమీద గీత గీసి, "ఈడినుంచి ఈడికి" అని, వచ్చినదారినే పోయింది. ఆమె గీసిన చోట తవ్వితే ఎర్రమట్టి తప్ప రాయి తగల్లేదు. సంపు కొత్త సిమెంటుకు నీళ్ళు పెట్టి ఆరనివ్వడానికి కొన్నాళ్ళు పట్టింది. తర్వాత కొళాయి నీళ్ళు దాంట్లోకి సన్నగా, చప్పుడు లేకుండా, వాటి ఇష్టప్రకారం పడేవి. అదే సమయానికి పక్కింటి బిందెలోనూ పడేవి. అక్క మెట్టుమీద కూర్చుని రెండు చప్పుళ్ళూ వినేది. పంపు కూడా బిగించాక బావకు వేడినీళ్ళు ఏ పూట కావాలంటే ఆ పూట, తెగకుండా, భుజంమీద పడ్డాయి. మొదటిరోజు పంపు చప్పుడు వినగానే ఆయన కిటికీవైపు తల తిప్పాడు. "ఇది మన ట్యాంకు నీళ్ళే. ఆయమ్మ కొళాయి పారుతాండాది, ఇనుకో" అంది అక్క. విన్నాడు. తర్వాత గొట్టాన్ని తనే ఎడమచేత్తో పట్టుకుని భుజంమీద పెట్టుకున్నాడు.

శ్రావణం తుంపర పట్టిన రోజుల్లో ఒకనాడు పక్కింటివాళ్ళ కట్టెలన్నీ తడిసి పొయ్యి రాజుకోలేదు. ఇంటినిండా పొగ, లోపల బిడ్డ ఏడుపు. అక్క గోడ దగ్గర నిలబడి, "మా బచ్చలిలో పోసుకోనీ తల్లీ. బిడ్డకు జలుబు సేస్తాది" అంది. ఎదురు చూడకుండా లోపలికి వచ్చేసింది, మళ్ళీ కాదంటుందేమోనని. కాసేపటికి గేటు చప్పుడైంది. పక్కింటామె, వెనక తలకు గుడ్డ చుట్టుకున్న కూతురు, దుప్పట్లో బిడ్డ. ఆమె బచ్చలిలో పీటమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టింది. అక్క గీజరు తిప్పింది. బావ బచ్చలి ఎదురుగా మంచంమీద కూర్చుని మెడ చాపి చూస్తున్నాడు. బకెట్టులోంచి ఆవిరి లేస్తోంది. పక్కింటామె చెంబు ముంచి వేలు పెట్టి చూడబోయింది. అంతలో మంచంమీదనుంచి ఒక్కసారిగా, "సన్నీళ్ళు కలుపు! బిడ్డ కాల్తాది!" అని వినిపించింది.

ముద్దముద్దగా ఉంది గానీ ప్రతి మాటా తెలిసింది. యార్డులో అరిచిన గొంతులో పావువంతు కూడా లేదు. అయినా అందరం అదిరిపడ్డాం. బిడ్డ కూడా ఏడుపు ఆపింది. పక్కింటామె చెంబు పట్టుకుని ఆయనవైపు చూసి, "నలుగురు బిడ్డలకు పోసినదాన్నన్నా, నాకు సెప్తావా!" అని పకపకా నవ్వింది. అక్క నవ్వింది. నవ్వుతూనే నేను పక్కకు తిరగవలసి వచ్చింది. బావ మాత్రం నవ్వలేదు. కలిపేదాకా చెంబు వైపే చూస్తూ కూర్చున్నాడు. స్నానమయ్యాక అక్క బీరువాలోంచి ఆ గౌను తెచ్చి మంచంమీద పెట్టింది. పక్కింటామె దాన్ని తీసి బిడ్డకు తొడిగింది. కొంచెం బిగుతైంది, బిడ్డ అప్పటికే ఒళ్ళు చేసింది.

బావ తర్వాత ఆరేడేళ్ళు బతికాడు. చేయి భుజందాకా లేచింది, అన్నం ముద్ద ఎడమచేత్తోనే. వీధి చివరిదాకా కర్ర పట్టుకుని పోయి వచ్చేవాడు. నిద్రలోనే పోయాడు. పాడె మోసినవాళ్ళలో పక్కింటామె మొగుడు ముందు నిలబడ్డాడు. అక్క ఆ ఇంట్లోనే ఉంది. మొన్న కొత్త స్నానాలగది సంగతి చెప్పడానికి ఫోను చేస్తే, అంతా విని, "సంపు మూత మరిచిపోయి తీసిపెట్టేవు, పిల్లోళ్ళు తిరిగేచోటు" అని జాగ్రత్త చెప్పింది. మా ఇంట్లో సంపు లేదని చెప్పినా వినిపించుకోలేదు. నవ్వుకుని ఫోను పెట్టేశాను.

నేను ఎమ్మిగనూరులో ఈ ఇంటికి కాపురానికి వచ్చి ఒక జీవితం గడిచింది. అందులో ఏ ఏడు ఏం జరిగిందో అడిగితే తడుముకుంటాను, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాను. ఆదోనిలో ఉన్నది కొన్ని నెలలే, వాటిని మాత్రం పూటలు పూటలుగా చెప్పగలను. కాలం మనచేత గడిపించేది చాలా ఉంటుంది, మనకు ఉంచిపోయేది మాత్రం కొంచెమే. ఆ కొంచెం ఏదో మనల్ని అడిగి ఉంచదు.